మాతృస్వామ్యం అనొచ్చా? పిక్టుల రాజుల దగ్గర మాట దొరక్క ఆగిపోయా

అందరికీ నమస్కారం. పాతకాలం స్కాట్లాండ్‌లో ఉండిన పిక్టుల గురించి హైస్కూల్ పిల్లల కోసం తెలుగులో ఓ వ్యాసం రాస్తున్నా, వాళ్లలో రాజు తర్వాత రాజు ఎలా అయ్యేవాడో చెప్పే చోట ఇరుక్కుపోయా. 731లో చరిత్ర పూర్తిచేసిన బీడ్ అనే సన్యాసి ఒక కథ చెప్తాడు, పిక్టులు ఆడవాళ్లు లేకుండా ఓడల్లో వచ్చి ఐర్లండ్ వాళ్లని పిల్లనివ్వమని అడిగారట, వాళ్లు ఒక షరతు మీద ఇచ్చారట, రాజు ఎవరన్న సందేహం వస్తే మగవంశం నుంచి కాకుండా ఆడవంశం నుంచి ఎంచుకోవాలని. ఇలాంటిది కనపడగానే మనం మాతృస్వామ్యం అని రాసేస్తుంటాం. కానీ పిక్టు రాజుల జాబితాల్లో ఏలినట్టు ఒక్క ఆడపేరు కూడా లేదండి. స్వామ్యం అంటే పెత్తనం కదా, పెత్తనం మగవాళ్లదే అయినప్పుడు ఆ మాట ఎలా వాడతాం?

జవాబు 1:
నిజమే అండి, వాడకూడదు. కేరళ మరుమక్కత్తాయం, అంటే మేనల్లుడికి వారసత్వం వెళ్లే పద్ధతి, గుర్తు చేసుకోండి. మలయాళంలో మరుమకన్ అంటే మేనల్లుడూ అవుతాడు, కూతురి మొగుడూ అవుతాడు, అచ్చం మన అల్లుడు లాగే. తిరువాన్కూరులో స్వాతి తిరునాళ్ తర్వాత ఆయన తమ్ముడు, ఆ తమ్ముడి తర్వాత 1860లో వాళ్ల మేనల్లుడు ఆయిల్యం తిరునాళ్ వచ్చారు. పిక్టుల్లో కూడా విడ్ కొడుకులు గార్ట్‌నైట్, బ్రిడే, టలోర్క్ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఏలారు, తర్వాత వచ్చిన టలోర్కన్ (657లో పోయాడు) తండ్రేమో ఈన్‌ఫ్రిత్, ఇప్పటి ఉత్తర ఇంగ్లండ్ వైపు ఉండిన నార్తంబ్రియా రాజ్యం నుంచి పారిపోయి పిక్టుల దగ్గర తలదాచుకున్న రాజకుమారుడు. పరాయివాడి కొడుక్కి గద్దె దక్కిందంటే తల్లి తరఫునే అనుకోవాలి. మేనల్లుడి వారసత్వం అనండి, పిల్లలకి టక్కున అర్థమవుతుంది.

జవాబు 2:
కాస్త ఆగండి సర్, అంత గట్టిగా చెప్పలేం. ఆ జాబితాల్లో ప్రతి రాజు పక్కన ఫలానా వాడి కొడుకు అని తండ్రి పేరే కదా ఉండేది, తల్లి వల్ల వచ్చిన హక్కయితే తల్లి పేరు ఎందుకు రాయలేదు? 1998లో అలెక్స్ ఉల్ఫ్ అనే చరిత్రకారుడు ఈ తల్లివంశం వాదాన్నే గట్టిగా ప్రశ్నించాడు. బీడ్ కూడా సందేహం వస్తే అన్నాడు, ఎప్పుడూ అని అనలేదు, ఆ ముక్క మాత్రం మీ వ్యాసంలో వదలొద్దు.

జవాబు 3:
పేరుని బట్టి తేల్చేయడం కష్టం అండి. మన శాతవాహనులనే చూడండి, గౌతమీపుత్ర శాతకర్ణి, వాశిష్ఠీపుత్ర పులుమావి అని తల్లుల పేర్లు పెట్టుకున్నారు, అయినా పులుమావి శాతకర్ణి కొడుకే, రాజ్యం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. తల్లి పేరుండీ తండ్రి వారసత్వం అయినప్పుడు, తండ్రి పేరుండీ తల్లి వారసత్వం ఎందుకు కాకూడదు? ఎనిమిదో శతాబ్దం చివరిదాకా తండ్రి వెంటనే కొడుకు రాజైనట్టు జాబితాలో కనపడదు, దానికి కూడా జవాబు చెప్పాలిగా.

మళ్లీ నేనే:
అందరికీ చాలా థాంక్స్ అండి. మేనల్లుడి వారసత్వం మాట బాగుంది గానీ అన్నదమ్ములు కూడా వచ్చారు కాబట్టి చాలదు, తల్లివైపు వారసత్వం అని పెడుతున్నా, "సందేహం వస్తే" అన్నది కూడా కలుపుతా. ఇంకో చిక్కుంది, నన్ను రెండు రోజులుగా నిద్రపోనివ్వట్లేదు. 685లో పిక్టు రాజు బ్రిడే (బిలి కొడుకు, ఈ బిలి కూడా పిక్టు కాదు, ఇప్పుడు డంబార్టన్ అంటున్న చోట అప్పట్లో రాజు) నార్తంబ్రియా రాజు ఎక్‌ఫ్రిత్‌ని యుద్ధంలో చంపాడు. తొమ్మిదో శతాబ్దపు లాటిన్ పుస్తకం ఒకటి బ్రిడేని ఎక్‌ఫ్రిత్‌కి ఫ్రాత్రుయేలిస్ అంటుంది, ఇంగ్లీషు వాళ్లు కజిన్ అని దాటేశారు. మనకి అలా కుదరదే! బ్రిడే తల్లి ఈన్‌ఫ్రిత్ కూతురు అనుకుంటే, ఈన్‌ఫ్రిత్ ఎక్‌ఫ్రిత్‌కి పెదనాన్న కాబట్టి ఆవిడ ఎక్‌ఫ్రిత్‌కి అక్కో చెల్లెలో వరస, అంటే బ్రిడే చంపింది మేనమామని. అలా కాకుండా ఇద్దరి తల్లులూ అక్కచెల్లెళ్లు అనుకుంటే అది అన్నదమ్ముల యుద్ధం. ఏ వరస రాసినా నేనే ఓ వంశవృక్షం తేల్చేసినట్టవుతుంది.

జవాబు 1:
అయితే దగ్గరి చుట్టం అని పెట్టండి, ఆ రెండు వరసలూ కింద పిల్లలకి బొమ్మ గీసి చూపించండి. మీరిప్పుడు చెప్పినట్టే చెప్తే వాళ్లకి తెలుస్తుంది.