అప్‌డేట్: వయ్యారిభామ, మా అమ్మాయి తుమ్ములు

వానలు పడ్డాక మా అమ్మాయికి వచ్చే తుమ్ములు, కళ్ల దురద వంటింటి చిట్కాలతో, ఆహారంతో తగ్గుతాయా అని ఇదివరకు అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ నమస్కారాలు.

చర్మంపై చేసే అలర్జీ పరీక్షలో తనకు వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడి పడదని తేలింది. మా వీధి చివరి ఖాళీ స్థలం నిండా అదే, బియ్యపు నూకల్లాంటి తెల్లటి పూలతో. వచ్చే ఏడు పూత రాకముందే చేతి తొడుగులు వేసుకుని పీకేయాలని వీధివాళ్లం అనుకున్నాం.

అన్నిటికంటే మేలు చేసింది ఉప్పునీటితో ముక్కు కడగడం. సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లు బాగా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, అయోడిన్ కలపని ఉప్పు అర చెంచా, చిటికెడు వంటసోడా కలుపుతాం. తల పక్కకు వంచి పైన ఉన్న ముక్కు రంధ్రంలో పోస్తే రెండోదాంట్లోంచి కారిపోతుంది. అంతసేపూ నోటితోనే గాలి పీల్చాలి. కుళాయి నీళ్లు నేరుగా మాత్రం దయచేసి వాడకండి.

మిరియాల చారు, పసుపు పాలు గొంతుకు హాయినిస్తాయి, అలర్జీని ఆపవు. తేనెతో మాకు తేడా కనబడలేదు. ఏడాది లోపు పిల్లలకైతే తేనె అసలు పెట్టకూడదు. పెరుగు, అరటిపండు మానాల్సిన పని లేదని డాక్టరుగారు చెప్పగానే పిల్ల ముఖం వెలిగిపోయింది!

బడి నుంచి రాగానే స్నానం, బట్టలు ఇంట్లోనే ఆరబెట్టడం కూడా కలిసివచ్చాయి. ముక్కులో కొట్టే మందు ఆపలేదు. పిల్లికూతలు, ఆయాసం వస్తే చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే తీసుకురమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.