బస్తీలో హెల్త్ ఎగ్జిబిషన్ పెడుతున్నాం, చార్టులు కాకుండా ఏం పెట్టాలి?

యూసుఫ్‌గూడ టీచర్:
ఆగస్టులో మా స్కూల్ పిల్లలతో పరిశుభ్రత మీద రెండు రోజుల ఎగ్జిబిషన్ పెట్టి చుట్టుపక్కల బస్తీల వాళ్లందరినీ పిలుద్దామనుకుంటున్నాం. ఇలాంటివి చాలా చూశాను, గోడ నిండా చార్టులు, వచ్చినవాళ్లు ఫోటో దిగి వెళ్లిపోతారు. చేతులు కడుక్కోవాలని తెలియనిది ఎవరికి? ఇంటికెళ్లాక ఏదైనా మారాలంటే ఏం పెట్టాలి? ఖర్చు మాత్రం తక్కువలో అవ్వాలి.

దోమల శత్రువు:
20వ తేదీ కలిసొచ్చేలా పెట్టుకోండి మేడం. 1897లో అదే రోజు రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ మన సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు, అందుకే అది ప్రపంచ దోమల దినం. గాజు సీసాలో లార్వాలు పెట్టి మూతికి దోమతెర గుడ్డ గట్టిగా కట్టండి. అవి తోక పైకి పెట్టి గాలి పీల్చుకోవడం చూస్తే, మా డ్రమ్ములో తిరిగే పురుగులు ఇవేనా అని వాళ్లే అడుగుతారు. గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు, వారానికోసారి డ్రై డే, అంటే నిల్వ నీళ్లన్నీ పారబోసి డ్రమ్ములు ఆరబెట్టే రోజు, అనేది అందుకే అని అప్పుడు చెప్పండి. ఇంకో ముఖ్యమైన విషయం, నీళ్లు పారబోస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు డ్రమ్ము గోడకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి, పీచుతో రుద్దాల్సిందే. ఎగ్జిబిషన్ అయ్యాక సీసా మోరీలో పోయకండి, ఎండలో పొడి నేల మీద పోయండి.

బోరబండ అక్క:
అన్నా, సీసా ఐడియా బాగుంది. కానీ నల్లా నీళ్లు రోజూ రాని ఇంట్లో డ్రమ్ము పెట్టుకోక ఏం చేస్తారు? డ్రమ్ములెందుకు పెట్టారని పిల్లలతో తిట్టించొద్దు. మూత లేని డ్రమ్ముకి పాత చీర ముక్క ఎలా బిగించి కట్టాలో చేసి చూపించండి.

చేతులకైతే పోస్టర్ కలర్ చాలు. కళ్లు మూసుకుని సబ్బు రుద్దినట్టు చేతులకి పూసుకోమనండి, కళ్లు తెరిస్తే బొటనవేలు, వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ ఖాళీగా ఉంటాయి. పెద్దవాళ్లతోనూ చేయించండి.

పాత పుస్తకాల పిచ్చి:
1911లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పరిశుభ్రత మీద పెద్ద ఎగ్జిబిషన్ జరిగితే 50 లక్షల మందికి పైగా వచ్చారు. 1930లో అక్కడి మ్యూజియంలో పారదర్శకమైన మనిషి బొమ్మ పెట్టారు, లోపలి అవయవాలు ఒక్కొక్కటిగా వెలిగేవి. అంటే కంటికి కనిపించనిదాన్ని చూపించారు. మీరు ఇంటి నీళ్లు తెమ్మనండి. నీటి పరీక్షకి హెచ్‌టూఎస్ సీసాలు దొరుకుతాయి, నీళ్లలో మలం కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. ఎవరి ఇంటి సీసా ఏదో బోర్డు మీద మాత్రం రాయొద్దు, పరువు పోతుందనుకుంటే మళ్లీ ఎవరూ రారు.

యూసుఫ్‌గూడ టీచర్:
అందరికీ థ్యాంక్స్. నీటి సీసాలు ముందే ఇంటింటికీ పంచి, ఎగ్జిబిషన్ రోజుకి రంగు తెలిసేలా చూస్తాం. పోస్టర్ కలర్ చేతుల ఆట ఈ శనివారం మా ఏడో తరగతిలో చేయిస్తాను.