ఓటు ఊళ్ళోనే ఉంచుకోవాలా, హైదరాబాద్‌కు మార్చుకోవాలా?

కిరాయిఇల్లు_కూకట్‌పల్లి:
హైదరాబాద్ వచ్చి పదకొండేళ్ళయింది, ఓటు మాత్రం ఇంకా సూర్యాపేట దగ్గర మా ఊళ్ళోనే ఉంది. మొన్న డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలకు పోయి వేసొచ్చాను. పోటీలో ఉన్న ఇద్దరి మనుషులూ వారం రోజులు ఫోన్ల మీద ఫోన్లు, ఒకరైతే మా కాలనీకే కారు పంపుతామన్నారు (వద్దన్నాను, బస్సులోనే పోయాను). ఇక్కడేమో డ్రైనేజీ పొంగితే ఎవరికి చెప్పాలో తెలియదు, మా కార్పొరేటర్ ముఖం ఇప్పటిదాకా చూడలేదు. ఓటు ఇక్కడికి మార్చుకుందామని మా ఆవిడ, మారిస్తే ఊళ్ళో మనల్ని ఎవడూ పట్టించుకోడని బాపు. రెండు చోట్లా ఉంచుకోవచ్చా? మా ఆఫీసులో సగం మంది అలాగే ఉన్నారు.

ఫారాల_పిచ్చి:
కుదరదు అన్నా. సగం ఆఫీసు చేసినా తప్పు తప్పే, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకరికి ఒకే చోట ఓటు అంటుంది. ఇల్లు మారినవాళ్ళు పెట్టాల్సింది ఫారం 8. చాలామంది కొత్తగా ఓటు తీసుకునేవాళ్ళ ఫారం 6 నింపి, ఇంకెక్కడా ఓటు లేదని సంతకం చేసేస్తారు, అది అబద్ధమని తేలితే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇంకోటి, కార్పొరేషన్ ఎన్నికలకు విడిగా ఓటరు జాబితా తయారు చేయరు, అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి ఎన్నికలు వచ్చాక పరిగెత్తకుండా ఇప్పుడే పెట్టేయండి.

మూడోఅంతస్తు:
2020 డిసెంబర్ 1న గ్రేటర్ ఎన్నికల్లో 74 లక్షల పైచిలుకు ఓటర్లుంటే 46.55 శాతమే వేశారు. 2016లోనూ 45 దగ్గరే. సిటీవాళ్ళకు బద్ధకమని టీవీల్లో తిట్టారు గానీ నేను పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌కు ఖాళీ చేసి పోయిన మూడు కుటుంబాల స్లిప్పులు వచ్చాయి, వాళ్ళెవరో వాచ్‌మన్‌కే తెలియదు, ఉన్న మాకేమో అమ్మది ఒక బూత్, నాది ఇంకోటి, నాన్నది ఏకంగా పక్క డివిజన్. లేనివాళ్ళను లెక్కేసి రాలేదంటే ఎలా? బద్ధకం అసలు లేదనను. ఆరోజు నేనే మధ్యాహ్నం దాకా దుప్పటి తీయలేదు.

చెరువుకట్ట:
కోపం అనుకోకు తమ్మీ, ఊళ్ళో ఉండేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. పల్లెల్లో 85 శాతం పోలింగ్ అని పేపర్లు మురిసిపోతాయి గానీ మా వార్డులో ఉన్నవే 140 ఓట్లు, ఎవరు రాలేదో పదకొండింటికల్లా అందరికీ తెలిసిపోతుంది, ఇంటికి మనిషొస్తాడు. చైతన్యం కొంత, మొహమాటం కొంత, మిగతాది మీకు తెలియనిదేం కాదు. 7 నుంచి 1 దాకా పోలింగ్, 2 నుంచి లెక్కింపు. గులాబీ కాగితం మీద సర్పంచ్‌కు, తెల్ల కాగితం మీద వార్డు మెంబర్‌కు గుద్దేసి మీరు సాయంత్రం బస్సెక్కుతారు. మోటారు కాలిపోయి నల్లా రాకపోతే ఐదేళ్ళూ సర్పంచ్ గుమ్మం ముందు నిలబడేది మేము. మా ఊళ్ళో ఈసారి తేడా ఏడు ఓట్లు. హైదరాబాద్ నుంచి దిగినవాళ్ళు అరవై మంది.

కిరాయిఇల్లు_కూకట్‌పల్లి:
అన్నా, గట్టిగానే తగిలింది. మా ఊళ్ళోనూ కథ అంతే. బాపును మళ్ళీ అడిగితే అసలు భయం బయటపడింది, ఓటు తీసేస్తే ఊళ్ళో ఉన్న రెండెకరాల మీద ఎవరైనా పేచీ పెడతారేమోనట.

ఫారాల_పిచ్చి:
ఓటుకూ పట్టాకూ సంబంధమే లేదు. పాసుపుస్తకం మీ పేరు మీద ఉంటే చాలు, అది చూపించి చెప్పండి. ఫారం 8కి కొత్త అడ్రస్ రుజువు కావాలి. కిరాయి ఇల్లంటున్నారు కదా, అగ్రిమెంట్ ఉందా?

కిరాయిఇల్లు_కూకట్‌పల్లి:
నోటి మాటే. ఓనర్‌ను ఆదివారం అడుగుతా.