సముద్రంలో కలిసే కృష్ణ నీళ్లు నిజంగా వృథాయేనా?

పాలమూరోడు:
ఏటా ఆగస్టులో ఒకటే వార్త. జూరాల గేట్లు ఎత్తారు, శ్రీశైలం ఎత్తారు, సాగర్ నిండింది, ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు అని. మొన్న వేరే చర్చలో ఒక సార్ "సముద్రం పాలు అనకండి, ఆ నీళ్లు చేపలకు కావాలి" అని రాశారు. సూటిగా అడుగుతున్నా సార్. మా ఊరికి నది కనిపించే దూరంలోనే ఉంది, నీళ్లు మాత్రం రావు. ముందు మనిషికా, చేపకా?

దేవరకొండ మాస్టారు:
ఆ సార్ నేనే. మనిషికా చేపకా అనే పోటీ నేను పెట్టలేదు, మీరు పెట్టారు. హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలిసే చోట నీళ్లు పూర్తిగా ఉప్పగానూ ఉండవు, పూర్తిగా చప్పగానూ ఉండవు. రొయ్య పిల్లలు, పీతలు పెరిగేది అక్కడే, మడ అడవుల వేళ్ల మధ్య. పైనుంచి మంచినీళ్లు ఆగితే అక్కడ ఉప్పు పెరుగుతుంది, ఒండ్రు రాదు, తీరం కోసుకుపోతుంది. పండుగొప్ప నదిలో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు దిగుతుంది. పులస సముద్రంలో పెరిగి వరదకు ఎదురీదుతూ నదిలోకి ఎక్కుతుంది. అంత దూరం ఎందుకు, మన రిజర్వాయర్లలో సర్కారు వదిలే నీలకంఠ రొయ్యనే చూడండి. అది బతికేది మంచినీళ్లలో, కానీ దాని పిల్ల గుడ్డులోంచి వచ్చాక ఉప్పు కలిసిన నీళ్లు లేకపోతే చచ్చిపోతుంది. అందుకే ఎన్ని వదిలినా మన దగ్గర సంతతి పెరగదు, మళ్లీ మళ్లీ తెచ్చి వదలాల్సిందే.

సెల్ఫీ సాగర్:
గేట్లు ఎత్తితే పోయి ఫొటో దిగి, చేపల ఫ్రై తిని రావడం. నాకు తెలిసిన కృష్ణ ఇంతే 😄

మిర్యాలగూడ రైస్:
పులస గోదావరి చేప. కృష్ణకు అంటగట్టకండి.

దేవరకొండ మాస్టారు:
కృష్ణలోకీ ఎక్కేది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు, 1957లో అక్కడే ప్రకాశం బ్యారేజీ వచ్చింది. గోడ దూకి వస్తుందా?

మిర్యాలగూడ రైస్:
గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట లేదా సార్? అక్కడ మాత్రం ఎలా దొరుకుతోంది? జవాబు చెప్పండి.

దేవరకొండ మాస్టారు:
ధవళేశ్వరం దిగువన దొరుకుతోంది, ఎగువన కాదు. దిగువనైనా దొరకడానికి కారణం ఆ వరద ఏటా సముద్రం దాకా పోవడమే. కృష్ణలో 2001 నుంచి 2004 దాకా వరుస కరువుల్లో సముద్రంలోకి పోయింది దాదాపు ఏమీ లేదు. పిలుపు లేని ఇంటికి చుట్టం వస్తాడా?

పాలమూరోడు:
పులసను పక్కన పెట్టండి, దాని రేటుకు మా ఊళ్లో మేక వస్తుంది. లెక్క మాట్లాడుకుందాం. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు అనుకున్నది 90 టీఎంసీలు, అదీ వరద రోజుల్లో ఎత్తాలని. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. రోజుకు ఒకటిన్నర ఎత్తినా పదిహేడు వేల చిల్లర క్యూసెక్కులు. 2009 అక్టోబర్‌లో అలంపూర్, కర్నూలు మునిగినప్పుడు శ్రీశైలానికి వచ్చింది 25 లక్షల క్యూసెక్కులు. అందులో పదిహేడు వేలు తీస్తే మీ పండుగొప్పకు ఏం తక్కువవుతుంది?

దేవరకొండ మాస్టారు:
వరద ఏడాదిలో ఏమీ తక్కువ కాదు. ఒప్పుకున్నా, రాసి పెట్టుకోండి. వరద రాని ఏడు మోటర్లు ఆపుతారా? చేపకు ఏడాది మొత్తం ఎన్ని టీఎంసీలనేది పట్టదు, ఏ నెలలో ఎంత పారిందనేదే ముఖ్యం. రెండు నెలలు ముంచేసి పది నెలలు చుక్క వదలకపోతే సగటు బాగానే కనిపిస్తుంది, రొయ్య పిల్ల మాత్రం ఉండదు.

కొల్లాపూర్ వల:
మీరిద్దరూ సముద్రం దగ్గరే ఆగిపోయారు. మాది సోమశిల వైపు, మా తాత ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉంది. తాత నదిలో వేటాడాడు, మేం చెరువులో వేటాడుతున్నాం, ఎందుకంటే ఇది ఇప్పుడు నది కాదు. బొచ్చె, రవ్వ, మోసు నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే కొత్తనీరు తగలాలి. 1957లో ఇంజక్షన్ ఇచ్చి పెట్టించడం కనిపెట్టారు కాబట్టి హేచరీలు నడుస్తున్నాయి. 2016 నుంచి సర్కారు ఉచితంగా పిల్లలు ఇస్తోంది, మంచిదే, కానీ ఒక ఏడు మా సంఘానికి అదును దాటాక వచ్చాయి, అగ్గిపుల్లంత ఉన్నాయి, సంచి విప్పేసరికి సగం తేలిపోయాయి. ఉన్న కాసిన్నీ బయటి ముఠాలు అలివి వలలతో ఊడ్చేస్తాయి. దోమతెరలాంటి కన్ను ఆ వలది, గుడ్డు చేప, వేలెడు పిల్ల, ఏదీ మిగలదు. అడిగితే కొట్టడానికి వస్తారు. దాని గురించి ఒక్కరూ రాయరు.

మిర్యాలగూడ రైస్:
అలివి వల వేరే టాపిక్ అన్నా.

కొల్లాపూర్ వల:
నీకు వేరే టాపిక్, నాకు తిండి.

పాలమూరోడు:
చూశారా మాస్టారు, చేపలు పట్టే మనిషికే మీ పాఠం ఎక్కలేదు. మా అమ్మానాన్న నన్ను నానమ్మ దగ్గర వదిలి ముంబైకి మట్టి పనికి పోయారు, పండక్కి వస్తే గుర్తుపట్టేవాణ్ణి కాదు. అప్పుడు మా గురించి ఏ శాస్త్రం మాట్లాడలేదు. నెల నెలా జీతం తీసుకుంటూ ఫిల్టర్ నీళ్లు తాగేవాళ్లకు రొయ్య మీద జాలి బాగానే ఉంటుంది. ఒకసారి ఫ్లోరైడ్ నీళ్లు తాగి రాయండి.

దేవరకొండ మాస్టారు:
తమ్ముడూ, నేను పుట్టింది మర్రిగూడ పక్కన. ఇరవై ఏళ్లు బోరు నీళ్లే తాగాను. వెనక్కి చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. నాకు ఫ్లోరైడ్ గురించి చెప్పకు.

సెల్ఫీ సాగర్:
🙏

పాలమూరోడు:
తప్పయింది సార్. తెలియక అన్నా. కానీ ఒకటి చెప్పండి. చేపలకు నీళ్లు వద్దని నేను అనడం లేదు, అవి ఎవరి వాటాలోంచి పోవాలి? బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో లెక్కగట్టిన 2060 టీఎంసీలూ మూడు రాష్ట్రాలకు పంచేసింది, నదికంటూ ఏమీ మిగల్చలేదు. ఉమ్మడి రాష్ట్రం వాటా 811లో 2015 సర్దుబాటు ప్రకారం మన తెలంగాణకు 299, ఆంధ్రకు 512. నూటయాభై ఏళ్లుగా తీసుకుంటున్న డెల్టా ఒక తడి తగ్గించుకోదు, పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు వస్తున్నా సరే. నిన్న మొన్న మోటరు పెట్టుకున్న మా దగ్గరికి వచ్చేసరికే పర్యావరణం గుర్తొస్తుంది. నా కోపం అదీ.

దేవరకొండ మాస్టారు:
ఈ మాట మొదటి పోస్టులోనే రాస్తే ఇంత గొడవ ఉండేది కాదు. ఇందులో నేను నీ వైపే. ముందు నుంచి తీసుకుంటున్నవాళ్లే ముందు వదలాలి. "వృథా" అనే మాట మాత్రం వెనక్కి తీసుకో.

పాలమూరోడు:
డెల్టావాళ్లు దాళ్వా, అదే రెండో పంట వరి, తగ్గించిన రోజు తీసుకుంటా.

దివిసీమ అల్లుడు:
మాది నకిరేకల్, అత్తారిల్లు అవనిగడ్డ వైపు. ఇదంతా చదివి మామగారికి ఫోన్ చేశా. వేసవిలో బోరు ఉప్పగా వస్తోందని, రొయ్య పిల్ల దొరకడం లేదని, పైవాళ్లు నీళ్లన్నీ ఆపేస్తున్నారని పావుగంట తిట్టారు. మరి నీళ్లున్న ఏడు దాళ్వా మానేసి ఆ నీళ్లు కిందికి వదలొచ్చు కదా మామయ్యా అన్నాను. "కౌలు ఎవరు కడతారు, మీ మాస్టారా?" అని పెట్టేశారు.

కొల్లాపూర్ వల:
మాస్టారు, ఈసారి నీలకంఠ పిల్లలు ఏ నెలలో ఇస్తారో తెలిస్తే ఇక్కడ రాయండి. పోయినసారిలాగా అదును పోతే మాకు కష్టం.