సిలికానా, సిలికోనా, సైకతమా?

మొన్న సింకు అంచుకు పూసే ట్యూబు కోసం రాణీగంజ్ వెళ్తే, షాపతను "సిలికాన్ తెల్లదా, ట్రాన్స్‌పరెంటా అన్నా?" అన్నాడు. ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి ఆవర్తన పట్టిక బట్టీ పడుతోంది: సిలికాన్, 14. "నాన్నా, చిప్పుల్లో ఉండేదీ ఈ ట్యూబులోదీ ఒకటేనా?" అంది. కాదని తెలుసు, కానీ రెండిటినీ ఒకేలా రాస్తున్నామే! పైగా మూలకాన్ని కొందరు ఇసుక అనే అర్థంలో 'సైకతం' అంటున్నారు. ఆ మాట సరైనదేనా?

తార్నాక మాస్టారు:
ట్యూబులోది సిలికోన్ బాబూ. 'కా' కాదు, 'కో'. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి గొలుసు కడితే, సిలికాన్ పరమాణువులకు పక్కన కార్బన్ గుంపులు వేలాడుతుంటాయి. రబ్బరులా సాగేది అందుకే. కిప్పింగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇది కీటోన్లనే కార్బన్ సమ్మేళనాల లాంటిదని ఆ పేరు పెట్టాడు. పోలిక తప్పని తేలినా పేరు పోలేదు. మూలకం సంగతి వేరు: బూడిదరంగులో మెరుస్తుంది, పెళుసు, 1414 డిగ్రీల దగ్గర గానీ కరగదు. దాంతో సింకు అతికించడం కుదరని పని.

మలక్‌పేట అక్క:
సైకతానికేం తక్కువండీ? భూమి పైపొర బరువులో నాలుగో వంతుకు పైగా ఇదే, ఆక్సిజన్ తర్వాతి స్థానం. ఇసుక జాతి పలుగురాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాలిస్తేనే కదా వచ్చేది!

తార్నాక మాస్టారు:
అమ్మా, సైకత శిల్పం అంటే అందరికీ ఇసుక బొమ్మే గుర్తొస్తుంది. ఇసుక సమ్మేళనం, సిలికాన్ మూలకం. తవుడుకు బియ్యం పేరు పెట్టినట్టుంటుంది. పైగా పగడపు దీవుల ఇసుకలో ఉండేది చాలావరకు సున్నపురాయి పదార్థమే. అసలు లాటిన్‌లో సిలెక్స్ అంటే ఇసుక కాదు, చెకుముకి రాయి. ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త డేవీ 1808లో, లోహాల పేర్లకు వచ్చే 'ఇయం' చివర పెట్టి సిలిసియం అన్నాడు. అది లోహం కాదు, కార్బన్, బోరాన్‌ల వరస అంటూ స్కాట్లండు శాస్త్రవేత్త థామ్సన్ 1817లో చివర 'ఆన్' తగిలించాడు. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ మూలకాన్ని విడదీసింది 1824లో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

మాదాపూర్ తమ్ముడు:
అయితే మాది చెకుముకి ఉద్యోగం అన్నమాట, చిప్ డిజైన్‌లో ఉన్నాను. ఒక్క మాట కలుపుతా. సిలికాన్ గెలిచింది చౌక అని మాత్రమే కాదు. ఆక్సిజన్‌లో వేడి చేస్తే దాని ఒంటి మీదే పల్చటి గాజు పొర కడుతుంది. అది విద్యుత్తును పోనివ్వదు, నీళ్లకు కరగదు. మొదటి ట్రాన్సిస్టర్ చేసిన జెర్మేనియంకు ఆ అదృష్టం లేదు, దాని ఆక్సైడు నీళ్లలో కరుగుతుంది. ఇక శుద్ధి చేసిన సిలికాన్ విద్యుత్తును అంతంతమాత్రంగానే పోనిస్తుంది. పిసరంత ఫాస్ఫరస్ గానీ బోరాన్ గానీ కలిపితే దారికొస్తుంది.

మలక్‌పేట అక్క:
సరే, సైకతం వదిలేశాను. చెకుముకి మాత్రం నిప్పు రాజేసే రాయికే ఉండనివ్వండి. మూలకాన్ని సిలికాన్ అందాం, నోరు తిరుగుతోంది కదా.

నేను:
నిన్న మళ్లీ రాణీగంజ్ వెళ్లి, నేర్చుకున్నదంతా గుర్తుపెట్టుకొని "సిలికోన్ ఇవ్వన్నా" అన్నాను. "అది మా దగ్గర రాదన్నా, సిలికాన్ ఉంది, ఇయ్యమంటవా?" అన్నాడు. తెల్లది తెచ్చుకున్నాను.