నేరవార్తలో ‘హిజ్రాల అరాచకం’ అని వేసిన ఛానెల్‌కు ఫిర్యాదు: ముసాయిదాపై మీ అభిప్రాయం చెప్పండి

మూసీవాసి | 12 జూన్ 2025, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మంగళవారం రాత్రి 9 గంటల వార్తల్లో ఒక తెలుగు ఛానెల్ జాతీయ రహదారిపై జరిగిన దారిదోపిడీని చూపించింది. లారీ డ్రైవరును ఆపి డబ్బు, ఫోను లాక్కున్న కేసులో పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. వారిలో ఇద్దరు పురుషులు, ఒకరు ట్రాన్స్‌జెండర్ మహిళ. పోలీసులు చదివి వినిపించిన ప్రకటనలో ఉన్నది ఇంతే. ఛానెల్ మాత్రం వార్త నడిచినంతసేపూ ‘హైవేపై హిజ్రాల అరాచకం’ అని స్క్రోలింగ్ వేసింది. రిపోర్టరు ఆమెను ఒకసారి ‘అతగాడు’ అనీ, మరోసారి వేలు చూపిస్తూ ‘ఇది’ అనీ అన్నాడు. ఆమె చిన్నప్పటి మగపేరును ఎర్ర అక్షరాల్లో తెరపై వేశారు.

నా ఫిర్యాదులో మూడు అంశాలున్నాయి. ఒకటి, ముగ్గురిలో ఒక్కరి గుర్తింపును పట్టుకుని నేరాన్ని మొత్తం సమూహానికి అంటగట్టడం. రెండు, ఆ సర్వనామాలు. మూడు, వార్తకు అవసరం లేని పాత పేరు. కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని 6వ నిబంధన, వ్యక్తులనైనా కొన్ని సమూహాలనైనా కించపరిచే కార్యక్రమాలు ప్రసారం చేయరాదని చెబుతోంది. 2021లో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదు అందిన 15 రోజుల్లో ఛానెల్ తన నిర్ణయం తెలపాలి. ఆ ఛానెల్, వార్తా ఛానెళ్లు తమకు తామే పెట్టుకున్న వార్తా ప్రసార ప్రమాణాల సంస్థలో సభ్యురాలైతే, ప్రసారమైన 7 రోజుల్లోపే మనం రాయాలి. అంటే వచ్చే మంగళవారం దాటకూడదు. సంతకం చేయదలచినవారు చెప్పండి.

ఉప్పల్ రామ్ | 8:15

హిజ్రా అనే మాటలో తప్పేముందో ముందుగా చెప్పండి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం తన నిర్వచనంలోనే హిజ్రా, కిన్నర, అరవాణి, జోగ్తా అని పేర్లు పెట్టి చెప్పింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో ఇచ్చిన నాల్సా తీర్పులో సుప్రీంకోర్టూ అదే పదం వాడింది. పార్లమెంటూ సుప్రీంకోర్టూ వాడిన మాటను ఛానెల్ వాడితే నేరమెలా అవుతుంది?

కొల్లేటి కొంగ | 8:22

నేను సంతకం చేస్తాను.

మూసీవాసి | 8:50

రామ్ గారూ, ఆ పదం తిట్టు అని నేనెక్కడా రాయలేదు. ఆ సముదాయంలో చాలామంది తమను తాము గర్వంగా అలాగే చెప్పుకుంటారు. నా అభ్యంతరం ఆ మాటకు తగిలించిన బహువచనం మీద, పక్కనున్న ‘అరాచకం’ మీద. అదే కేసులో ఇద్దరు మగవాళ్లున్నారు. ‘హైవేపై పురుషుల అరాచకం’ అని ఎందుకు వేయలేదు?

ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టంలో రెండో భాగమంతా హిజ్రాలను రిజిస్టరులో ఎక్కించి నిఘా పెట్టడానికే రాశారు. అదే తరహాలో నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, మరో చట్టం వచ్చింది. ఆడవేషంలో వీధిలో కనిపించినంత మాత్రాన వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం దానివల్ల పోలీసులకు దక్కింది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. నూరేళ్లకు పైగా ఒక సమూహం పేరే నేరానికి మారుపేరుగా చట్టంలో నిలిచిన నగరంలో మనం ఉంటున్నాం. చట్టం పోయినా స్క్రోలింగు దాన్ని బతికిస్తోందని నా బాధ.

ఉప్పల్ రామ్ | 9:30

మీరు ఎన్ని తీర్పులు చెప్పినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. చట్టంలో ఉన్న పదం తప్పా, ఒప్పా?

ఇక నా సంగతి వినండి. మూడేళ్ల క్రితం మా గృహప్రవేశం నాడు ఏడుగురు వచ్చి 21 వేలు అడిగారు. అయిదు వేలు ఇస్తామన్నాను. వినలేదు. పాలు పొంగించిన పొయ్యి ముందే చప్పట్లు చరుస్తూ, డెబ్బై రెండేళ్ల మా అమ్మను పట్టుకుని, ఈ ఇంట్లో దీపం వెలగదని శపించారు. ఆ మాట పట్టుకుని ఆవిడ నెల రోజులు సరిగా అన్నం తినలేదు. పోలీసు స్టేషనుకు వెళితే ‘ఎంతో కొంత ఇచ్చి పంపించెయ్యాల్సింది సార్’ అన్నారు. కాగితం కూడా తీసుకోలేదు. అలాంటి నాకు, టీవీలో ఒక్కసారైనా ఉన్నదున్నట్టు చెప్పారనిపించింది. దాన్ని కూడా ఆపించాలని మీరు సంతకాలు సేకరిస్తున్నారు.

శారద, కాకినాడ | 10:05

రామ్ గారూ, మీ అమ్మగారికి జరిగింది అన్యాయమే. అది బెదిరించి డబ్బు గుంజడం కిందికి వచ్చే నేరం, దానిపై కేసు కట్టకపోవడం పోలీసుల తప్పు. కానీ గృహప్రవేశానికి వచ్చిన ఆ ఏడుగురికీ ఈ లారీ కేసుకూ సంబంధమేమిటి?

మూసీవాసి గారికి ఒక మాట. ఫిర్యాదు రాస్తున్నప్పుడు ఆడవాళ్ల సంగతి కూడా చేర్చండి. నేరవార్తలో స్త్రీ ఉంటే చాలు ‘కిలాడీ లేడీ’, ‘మాయలేడి’ అంటారు. మోసం చేసిన మగవాడు ఉత్త ‘నిందితుడు’. భర్తను చంపిన భార్య వార్త నెలంతా నడుస్తుంది, భార్యను చంపిన భర్త వార్త ఒక్క బులెటిన్‌తో ముగుస్తుంది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో న్యాయమూర్తుల కోసం ఇలాంటి మూస మాటలపై ఒక కరదీపిక వెలువరించింది. న్యాయమూర్తులకు అవసరమైనది యాంకర్లకు అక్కర్లేదా?

లీసెస్టర్ ప్రవాసి | 10:40

నేను ఇరవై ఏళ్లుగా బ్రిటన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఇదే విషయంపై ప్రసార సంస్థలతో వాదన ఏళ్ల తరబడి సాగుతోంది, అయితే అది మీ దానికి తలకిందులుగా ఉంటుంది. 2023 జనవరిలో గ్లాస్గో కోర్టు ఒక వ్యక్తిని ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేసినందుకు దోషిగా తేల్చింది. నేరం చేసినప్పుడు ఆ వ్యక్తి పురుషుడిగానే జీవిస్తూ, కేసు నడుస్తుండగా స్త్రీగా మారాడు. మొదట ఆడవాళ్ల జైలుకు పంపారు, జనం మండిపడ్డాక మగవాళ్ల జైలుకు మార్చారు. వార్తల్లో ‘ఆమె అత్యాచారం చేసింది’ అని విన్నప్పుడు, ఆ నేరానికి గురైన స్త్రీలకు ఎలా ఉంటుందో ఆలోచించండి. స్త్రీ అన్న మాటకు సమానత్వ చట్టంలో అర్థం పుట్టుకతో వచ్చిన లింగమేనని ఈ ఏప్రిల్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మూసీవాసి గారు ‘ఆమె’ అనాలని పట్టుబట్టే ముందు, లైంగిక నేరాల్లో బాధితుల వైపు నుంచి కూడా చూడాలని నా మనవి.

మూసీవాసి | 11:10

ప్రవాసి గారూ, ఇది దారిదోపిడీ, అత్యాచారం కాదు. మన దేశంలో నాల్సా తీర్పు ఎవరి లింగాన్ని వారే చెప్పుకునే హక్కునిచ్చింది. మీ దేశపు తీర్పును తెచ్చి ఇక్కడి ఛానెల్‌కు కవచంగా తొడగవద్దు.

లీసెస్టర్ ప్రవాసి | 11:18

కవచం తొడగలేదు, ప్రశ్న అడిగాను. మీ ఫిర్యాదు అన్ని నేరాలకూ ఒకే నియమం కోరుతోంది. రేపు అలాంటి కేసు హైదరాబాదులో వస్తే ఏం చేస్తారన్నదే నా ప్రశ్న.

పాత డెస్కు | 12:30

పదిహేడేళ్లు దినపత్రికలోనూ ఆపై ఛానెల్‌లోనూ క్రైం వార్తలు దిద్దినవాణ్ని, కాబట్టి కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను.

ప్రవాసి గారి ఇంగ్లీషు వాదనకూ మన వాదనకూ ఉన్న తేడా క్రియలో ఉంది. ఇంగ్లీషువాడు సర్వనామం ఒక్కటి మారిస్తే సరిపోతుంది. తెలుగులో ‘లాక్కున్నాడు’ అనాలి, లేదా ‘లాక్కుంది’ అనాలి. ప్రథమ పురుష ఏకవచనంలో ఇలా జరిగినదాన్ని చెప్పే క్రియ లింగం చెప్పకుండా ముగియదు. పైగా ‘లాక్కుంది’ అన్న రూపం స్త్రీకీ, కుక్కకూ, బండికీ ఒకటే. అందువల్ల ఆ రిపోర్టరు ‘ఇది పారిపోయింది’ అన్నప్పుడు క్రియలో తప్పు దొరకదు, అవమానమంతా ‘ఇది’ అన్న ఒక్క మాటలో ఉంది. ఫిర్యాదులో ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా, ఏ నిమిషంలో అన్నాడో సహా రాయండి. ‘సర్వనామాలు తప్పు’ అని మాత్రమే రాస్తే, యాస అనో పొరపాటు అనో రెండు వాక్యాల్లో తోసిపుచ్చుతారు.

దారి లేకపోలేదు. ముద్దాయి, దొంగ అన్న మాటలకు లింగభేదం లేదు. ‘నిందితుడు, నిందితురాలు’ అన్న జంట వచ్చాక మనం ‘ముద్దాయి’ని కోర్టు కాగితాలకు వదిలేశాం. నామవాచకంతో ముగిస్తే క్రియ గొడవే ఉండదు. ‘లారీ డ్రైవరును దోచిన కేసులో ముగ్గురి అరెస్టు’ అన్న శీర్షిక ఏ డెస్కులోనైనా అర నిమిషంలో పుడుతుంది, అందులో అబద్ధం లేదు, అవమానం లేదు. కానీ అది ఎవరినీ ఛానెల్ మార్చకుండా ఆపలేదు. ‘హిజ్రాల అరాచకం’ ఆపుతుంది. స్క్రోలింగు రాసే కుర్రవాడికి భాష రాక కాదు, పైనుంచి వచ్చే ఒత్తిడి అది. ఆ ఒత్తిడి కింద నేనూ అలాంటి శీర్షికలు పెట్టాను, అందుకే తెలుసు.

మరొకటి. ప్రమాణాల సంస్థ వేయగలిగే జరిమానా లక్ష రూపాయలు దాటదు. అది చాలదని 2023లో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. కనుక జరిమానా కోరకండి, అదే రాత్రి 9 గంటల వార్తల్లో సవరణ చదివించమని కోరండి. తమిళనాడు ప్రభుత్వం 2022లో మద్రాసు హైకోర్టు చొరవతో ఈ పదాలకు ఒక పట్టిక ప్రకటించింది. అలాంటిది తెలుగులోనూ చేయించమని మన రెండు ప్రభుత్వాలకూ విడిగా రాయాలి.

ఉప్పల్ రామ్ | 12:55

మరి పోలీసుల ముందు ముగ్గురు నిలబడితే ‘వారు పారిపోయారు’ అనాలా? ఒక్కరి గురించి చెప్పాల్సి వచ్చినా ‘వారు’ అనమంటారా?

పాత డెస్కు | 1:05

ఒక్కరి గురించి చెప్పేటప్పుడు ఆమె ఎలా చెప్పుకుంటే అలా అనాలి. తెలియకపోతే ‘వారు’ అనవచ్చు.

ఉప్పల్ రామ్ | 1:20

ఇదీ అసలు సంగతి. పొద్దుటినుంచీ పదం, చట్టం, నిర్వచనం అంటూ మీతో వాదిస్తున్నాను కానీ నాకు మంట ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ‘వారు’ అన్నది గౌరవ వాచకం. మా అమ్మను ఆ ఇంటి గడపలో నిలబెట్టి శపించినవాళ్లను నేను ‘వారు’ అనలేను, అనను. లింగం పేరు చెప్పి మీరు నా చేత గౌరవం ఇప్పించాలని చూస్తున్నారు.

మూసీవాసి | 1:45

గౌరవమే అనుకోండి, అయితే ఏం? అరెస్టయిన ప్రజాప్రతినిధిని అదే ఛానెల్ ‘ఆయన జైలుకు వెళ్లారు’ అంటుంది. కోట్లు మింగినవాడికి ‘ఆయన’, ఫోను లాక్కున్న మనిషికి ‘ఇది’. మీకు అప్పుడు మంట పుట్టలేదా?

ఇంతవరకూ చెప్పదలచుకోలేదు, ఇప్పుడు చెబుతాను. మా చెల్లెలు ట్రాన్స్ మహిళ. బోడుప్పల్‌లో గది అద్దెకు తీసుకుని ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూసేది. నిరుడు ఇలాంటి వార్తే వచ్చిన రాత్రి ఇంటి యజమాని ఫోను చేశాడు. ‘నువ్వు మంచిదానివే అమ్మా, కానీ టీవీలో చూశాక మా ఆవిడ భయపడుతోంది’ అన్నాడు. నాలుగు రోజుల్లో ఖాళీ చేయించాడు. ఆ దోపిడీ చేసినవాళ్లెవరో దానికి తెలియదు. మీ అమ్మగారిని శపించిన ఏడుగురూ తెలియదు. దాని గదిని తీసుకుపోయింది ఆ బహువచనం.

శారద, కాకినాడ | 1:58

అందరూ కాస్త నెమ్మదించండి.

ఉప్పల్ రామ్ | 2:40

మీ చెల్లెలి సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాటలు అనేవాణ్ని కాదేమో, అయినా అభిప్రాయం మార్చుకున్నానని మాత్రం అనుకోకండి. నా దృష్టిలో హిజ్రా అన్నది తప్పు మాట కాదు. ‘వారు’ అనడానికి నేను ఒప్పుకోను. సంతకం చేయను.

అయితే ఒక్క విషయం ఒప్పుకుంటాను. పట్టుబడిన ముగ్గురిలో ఇద్దరు మగవాళ్లని మీ మొదటి టపాలోనే ఉన్నా నేను పట్టించుకోలేదు. నేను ఆ వార్త చూసిన పదిహేను నిమిషాల్లో ఆ ఇద్దరి ముఖాలు ఎక్కడా కనిపించలేదు. అది అబద్ధం కిందే లెక్క. ఏడుగురు వస్తే ఏడుగురని చెప్పాలి, ఒకరుంటే ఒకరని చెప్పాలి.

లీసెస్టర్ ప్రవాసి | 3:10

నా ప్రశ్నకు జవాబు రాలేదు.

మూసీవాసి | 3:35

ప్రవాసి గారూ, లైంగిక నేరాల విషయంలో నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆ అంశాన్ని ఈ ఫిర్యాదులోకి తీసుకురాను. మన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షను అత్యాచారాన్ని పురుషుడు స్త్రీపై చేసిన నేరంగానే నిర్వచిస్తోంది కనుక, అలాంటి కేసు వస్తే ముద్దాయిని ఏమని పిలవాలన్న చిక్కు మనకూ వస్తుంది. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, నేనూ వస్తాను.

ముసాయిదాలో ఈ మార్పులు చేశాను. మొదటి అంశం ఇకపై వాస్తవ దోషం: ముగ్గురిలో ఒకరు ట్రాన్స్‌జెండర్ మహిళ కాగా బహువచనం వాడి, మిగిలిన ఇద్దరినీ దాచారు. రెండో అంశంలో ‘ఇది’ అన్న వాక్యం యథాతథంగా ఉంటుంది, ‘వారు’ అనాలని మాత్రం కోరడం లేదు. మూడోది పాత పేరు, అందులో మార్పు లేదు. జరిమానా బదులు సవరణ కోరాను. శారద గారు చెప్పిన ‘కిలాడీ లేడీ’ సంగతికి విడిగా ఫిర్యాదు రాయడమే మేలు, రెండూ కలిపితే దేనికీ జవాబివ్వరు.

ఆ వాక్యం ఏ నిమిషంలో వచ్చిందో నా దగ్గర కచ్చితంగా లేదు. ఆ రాత్రి బులెటిన్ రికార్డు చేసుకున్నవారెవరైనా ఉన్నారా?

ఉప్పల్ రామ్ | 4:20

9 గంటల 14వ నిమిషం. మా అమ్మకు చూపిద్దామని ఫోనులో తీసుకున్నాను. రాత్రికి పంపుతాను.