సీసం లేని పైరోఎలక్ట్రిక్ ఫిల్మ్: బేరియం టైటనేట్‌తోనే ఉండాలా, హాఫ్నియం ఆక్సైడ్‌కి మారాలా?

పికోఆంప్:
పీహెచ్‌డీ రెండో ఏడాది. పీఐఆర్ సెన్సర్‌కి (మనిషి ఒంటి వేడిని పసిగట్టేది) పీజెడ్‌టీ (సీసం ఉన్న పదార్థం) బదులు సీసం లేని పైరోఎలక్ట్రిక్ ఫిల్మ్, అంటే ఉష్ణోగ్రత మారితే కరెంట్ ఇచ్చే పొర కావాలని, ప్లాటినం పూత ఉన్న సిలికాన్ మీద సాల్-జెల్ పద్ధతిలో (ద్రావణం పూసి కాల్చి) బేరియం టైటనేట్ వేశాను. ఎలక్ట్రోడ్ వ్యాసం 1 మి.మీ., నిమిషానికి 6 డిగ్రీల చొప్పున వేడి చేస్తుంటే నానోఆంపియర్లలో కరెంట్ వస్తోంది. గైడ్ గారు సంబరపడి పేపర్ రాసెయ్యమంటున్నారు, నాకేమో టెన్షన్. ఇంతకీ మెటీరియల్ ఇదే ఉంచాలా, హాఫ్నియం ఆక్సైడ్‌కి మారాలా?

పాత ల్యాబ్:
పేపర్ సంగతి తర్వాత, చల్లారుస్తున్నప్పుడు కరెంట్ దిశ తిరగబడుతోందా? పైరో కోఎఫిషియెంట్ (ఉష్ణోగ్రత మారితే ఎంత చార్జీ వస్తుందో చెప్పేది) చదరపు మీటరుకి, డిగ్రీకి 100 మైక్రోకూలంబులు అనుకున్నా మీ ఎలక్ట్రోడ్‌కి రావాల్సింది సుమారు 8 పికోఆంపియర్లే. మిగతాదంతా పోలింగప్పుడు (వోల్టేజీ పెట్టి ఫిల్మ్ లోపలి డైపోల్స్‌ని ఒకే దిక్కుకి తిప్పేటప్పుడు) ఇరుక్కుపోయిన చార్జీలు వేడికి బయటపడటమో, లీకేజీయో అయి ఉంటుంది. పోలింగ్ అయ్యాక ఎలక్ట్రోడ్లు రెండూ షార్ట్ చేసి రాత్రంతా వదిలేయండి. తర్వాత ఉష్ణోగ్రతని ఒకటి రెండు డిగ్రీలు సైన్ తరంగంలా పైకీ కిందకీ ఆడించండి. అసలు పైరో కరెంట్ ఉష్ణోగ్రతకి 90 డిగ్రీల ఫేజ్ తేడాతో ఉంటుంది, దానితో కలిసి నడిచేది పైరో కాదు.

పికోఆంప్:
ఇప్పుడే చూశాను, చల్లార్చినా దిశ మారట్లేదు.

సన్నపొర:
అయితే అది పైరో కాదు, లీకేజీయో ఇరుక్కున్న చార్జీలో. మెటీరియల్ విషయానికొస్తే, ఒక్క కోఎఫిషియెంట్ చూసి మోజు పడొద్దు. వోల్టేజీ సిగ్నల్‌ని పర్మిటివిటీ (పదార్థం చార్జీని ఎంత నిల్వ చేసుకోగలదో చెప్పే సంఖ్య) భాగిస్తుంది, బేరియం టైటనేట్‌లో అది వందలు, వేలల్లో ఉంటుంది. లిథియం టాంటలేట్‌కి 50 లోపే, కోఎఫిషియెంట్ మాత్రం 200 దరిదాపుల్లో, అందుకే డిటెక్టర్లలో దానికి ఇంత గిరాకీ. హాఫ్నియం ఆక్సైడ్‌ని ఇంటెల్ 2007 నుంచే ట్రాన్సిస్టర్ గేట్లలో వాడుతోంది, సిలికాన్ కలిపితే ఫెర్రోఎలక్ట్రిక్ (వోల్టేజీతో దిశ తిప్పగల సొంత ధ్రువణం ఉన్నది, కాబట్టి పైరో కూడా) అవుతుందని 2011లో బయటికొచ్చింది. కోఎఫిషియెంట్ చిన్నదే, పర్మిటివిటీ కూడా 30 చుట్టుపక్కలే కాబట్టి ఫర్వాలేదు. కాకపోతే పొర పది ఇరవై నానోమీటర్లు దాటితే పనికొచ్చే ఫేజ్ నిలవడం కష్టం, పైగా మామూలుగా ఏఎల్‌డీ మెషీన్ (ఒక్కో అణు పొర చొప్పున ఫిల్మ్ పేర్చేది) కావాలి. మీ దగ్గర లేకపోతే ఆ ఊసే వద్దు.

టంకం:
ఏది వేసినా కింద మందపాటి సిలికాన్ ఉంటే వేడంతా అది లాగేసుకుంటుంది, వెనక నుంచి ఎచ్ చేసి పలుచటి మెంబ్రేన్ మీద నిలబెట్టాల్సిందే. ఇంకోటి, బేరియం టైటనేట్ క్యూరీ ఉష్ణోగ్రత (ఇది దాటితే పోలింగ్ పోతుంది) 120 డిగ్రీల దగ్గరే, సీసం లేని టంకంతో రీఫ్లో చేస్తే (బోర్డుని వేడిచేసి టంకం కరిగించి అతికిస్తే) బోర్డు 240 దాటుతుంది. బోర్డు మీద అతికించాక మళ్లీ పోలింగ్ చేసే దారి ఇప్పుడే చూసి పెట్టుకోండి.